17 ఏళ్ల సర్వీసు తర్వాత పీజీ చేయాలా, గార్డు ఉద్యోగం చూసుకోవాలా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిర్యాలగూడ పక్కన ఊరు, ఆర్మీలో 17 ఏళ్ల సర్వీసు, వచ్చే మార్చిలో డిస్చార్జ్, సర్వీసులో ఉండగానే ఇగ్నోలో బీఏ అయిపోయింది, ఇప్పుడు కాలేజీకి పోయి ఎం.ఏ. చదవాలని ఉంది, ఇంట్లో వాళ్లేమో బ్యాంకులో గార్డు పోస్టు చూసుకో అంటున్నారు. ఆఖరున 'క్లాసులో పిల్లలు నన్ను ఏమని పిలుస్తారో' అని కూడా అడిగావు. దానికి నేనూ ఆఖరుకే చెబుతా.

నాది నల్లగొండ. ఆర్టిలరీ, అంటే ఫిరంగి దళం. గోల్కొండ సెంటర్‌లో ట్రైనింగ్, తర్వాత 105 ఎం.ఎం. ఫీల్డ్ గన్ల వెంబడి, మధ్యలో కొన్నాళ్లు కశ్మీర్‌లో రాష్ట్రీయ రైఫిల్స్‌లో, మొత్తం 17 ఏళ్లు. 2019 మార్చిలో హవల్దార్‌గా ఇంటికి వచ్చాను, అదే ఏడాది ఎం.ఏ. హిస్టరీలో చేరాను. అప్పుడు నాకు 36. కాబట్టి విని చెప్పే మాటలు కావు, పడి లేచి చెప్పేవి.

పీజీ సంగతి తర్వాత. ముందు రిలీజ్ మెడికల్ బోర్డు, అంటే డిస్చార్జ్‌కు ముందు చేసే వైద్య పరీక్ష సంగతి చెప్పాలి, ఎందుకంటే అది నీకు ఇంకా కాలేదు. మహాజన్ రేంజ్‌లో ఒక ఫైరింగ్ తర్వాత నా ఎడమ చెవిలో కీచురాయి లాంటి చప్పుడు మొదలైంది, ఇప్పటికీ ఆగలేదు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ చెవి వినడమూ తగ్గింది. బోర్డులో డాక్టర్ సాబ్ 'కోయీ తక్లీఫ్?' అని అడిగారు. 'నహీ సాబ్, సబ్ ఠీక్ హై' అన్నాను. వారం రోజుల్లో ట్రైను, ట్రంకు పెట్టె మీద పేరు కూడా రాసేసి ఉంది. ఇంటికి పోయే తొందరలో ఉన్నవాడికి ఒంట్లో ఏ రోగమూ ఉండదు. ఆ రోజు కాగితం మీదికి ఎక్కని లోపం సర్వీసు వల్లే వచ్చిందని తర్వాత నిరూపించుకోవడానికి మూడేళ్లు కాగితాలు పట్టుకుని తిరిగి, ఆఖరికి వదిలేశాను. నీకు మోకాలు నొప్పి ఉన్నా, నడుము పట్టేసినా, రాత్రిళ్లు నిద్ర పట్టకపోయినా, బోర్డులో నోటితో చెప్పు, రాయించు. డిసెబిలిటీ పెన్షన్ వస్తుందా రాదా అన్నది వాళ్లు తేలుస్తారు, చెప్పడం మాత్రం నీ పని.

ఇది మెడికల్ సలహా అనుకోకు. పీజీలో నేను మునిగింది కూడా సరిగ్గా 'సబ్ ఠీక్ హై' అనే ఈ అలవాటు వల్లే.

మొదటి రోజు క్లాసుకు పోయి ఎక్కడ కూర్చున్నానో తెలుసా? ఆఖరు బెంచీ, కుడివైపు మూల, వీపు గోడకు, కళ్లు తలుపు మీద. కావాలని కాదు, కాళ్లు వాటంతటవే అటు పోయాయి. ముందు కూర్చుంటే నా వెనక పిల్లలకు బోర్డు కనపడదేమో అని ఒక సాకు కూడా చెప్పుకున్నాను. దాంతో ఏమైందంటే నా మంచి చెవి గోడకు, చెడ్డ చెవి సారుకు. సారు మెల్లగా మాట్లాడే మనిషి. సగం మాటలు వినపడేవి కావు. నేను తల ఊపేవాణ్ని. 'అర్థమైందా?' అంటే అందరికంటే ముందు నేనే తల ఊపేవాణ్ని. 17 ఏళ్లు 'జీ సాబ్' అన్న మెడ అది, ఊరుకుంటుందా?

మొదటి ఇంటర్నల్‌లో 20కి 6 వచ్చాయి. జవాబు పత్రం చేతికిచ్చేటప్పుడు మేడమ్ పక్కకు పిలిచి చూపించారు. నేను జవాబంతా మన ఆఫీసు లెటర్ లాగా రాశాను. పేరా నంబరు, దాని కింద 'ఎ', దాని కింద 'బి', తారీఖు, బలగం, ఎటు నుంచి ఎటు. ఆమె అన్న మాట ఇది: "ఎవరు వచ్చారో రాశావు, ఎప్పుడు వచ్చారో రాశావు, ఎందుకు వచ్చారో ఎక్కడా రాయలేదు." నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఎందుకు అనేది మన జీతంలో లేని ప్రశ్న కదా. హుకుం వస్తుంది, చేస్తాం. పీజీ అంటే రెండేళ్లపాటు 'ఎందుకు' అని అడగడమే, ఇంకేం లేదు. సిలబస్ కష్టం కాదు, మనవాళ్లు ఊరికే భయపడతారు. పొద్దున నాలుగింటికి లేచే అలవాటున్న మనిషికి రోజుకు మూడు గంటల చదువు ఒక లెక్కా?

మొదటి సెమిస్టర్‌లో ఒక పేపరు పోయింది. ఇంట్లో చెప్పలేదు. పరీక్ష ఫీజు కట్టే ఆఖరు తేదీ సారు క్లాసులో చెప్పారట, నేను వినలేదు, ఫైన్‌తో కట్టాను, అదీ చెప్పలేదు.

తర్వాత 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది, క్లాసులు ఫోన్లోకి వచ్చాయి. కుడి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని మా బత్తాయి తోటలో బోరు దగ్గర కూర్చున్నాను. అదే సారు. అదే మెల్లని గొంతు. ప్రతి మాటా వినపడింది. మధ్యలో జోకులు కూడా వేస్తారని నాకు అప్పుడే తెలిసింది. అన్ని నెలలు నేను ఎంత పోగొట్టుకున్నానో ఆ గంటలో అర్థమై, నిజం చెప్పాలంటే, కళ్లలో నీళ్లు తిరిగాయి. కాలేజీ తెరిచాక మొదటి పని స్టాఫ్ రూముకు పోయి 'సార్, నాకు ఎడమ చెవి సరిగా వినపడదు' అన్నాను. ఆ ఒక్క వాక్యానికి ఏడాదిన్నర పట్టింది. సారు "ముందు చెప్పొచ్చు కదయ్యా" అని మొదటి బెంచీలో ఎడమవైపు చివర చోటు చూపించారు, అంతే, రెండు నిమిషాల పని. తర్వాత మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డు మీద వినికిడి మిషను కూడా తెచ్చుకున్నాను. కార్డు ఉందిగా, ఇన్నాళ్లు ఏం చేస్తున్నావని మా ఆవిడ అడిగిన ప్రశ్నకు ఇప్పటికీ జవాబు లేదు.

ఇక కాగితాలు. త్వరగా చెబుతా.

మన యూనివర్సిటీల్లో పీజీ సీటు సీపీజెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా. ఉస్మానియా యూనివర్సిటీ నిర్వహిస్తుంది, 100 ప్రశ్నలు, 90 నిమిషాలు. నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ కూడా అందులోనే వస్తాయి, కాబట్టి హైదరాబాద్‌లో రూము అద్దెకు తీసుకుంటేనే పీజీ అనుకోకు. నీకు ఇగ్నో బీఏ ఉంది, అది పూర్తి డిగ్రీ, దిగులు లేదు. కానీ ఇది చదివే మిగతావాళ్ల కోసం ఒక మాట: 15 ఏళ్ల సర్వీసు అయ్యాక టెన్త్ పాసైనవాళ్లకు మనవాళ్లు ఇచ్చే గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్ గ్రూప్-సి ఉద్యోగాలకు పనికొస్తుంది, పీజీ అడ్మిషన్‌కు పనికిరాదు. అది పట్టుకుని కౌన్సెలింగ్‌కు పోయి వెనక్కి వచ్చినవాణ్ని నా కళ్లతో చూశాను, పాపం.

ఇగ్నో నుంచి మైగ్రేషన్ సర్టిఫికెట్ ఇప్పుడే తెప్పించుకో, ఆఖరి నిమిషంలో రాదు. నువ్వు చదివినట్టు బోనఫైడ్‌లు మీ బడికి, కాలేజీకి పోయి ఈ సెలవులోనే తెచ్చుకో, లోకల్ అని చూపించుకోవడానికి కావాలి. 17 ఏళ్లు ఊళ్లో లేనివాడివి, ఆధార్ మీద ఏదో యూనిట్ అడ్రసు ఉంటుంది, అదీ మార్పించుకో. క్యాప్ కోటా అని నోటిఫికేషన్‌లో కనపడుతుంది, సంబరపడకు. ఆ మాటకు అర్థమే సైనికుల పిల్లలు అని, అది మీ పాపకు పనికొచ్చే కోటా. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ కూడా అంతే, నెలకు ఆడపిల్లలకు 3,000, మగపిల్లలకు 2,500, మన పిల్లలకూ, మన వెనక మిగిలే భార్యలకూ, మనకు కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద కూడా ఆశ పెట్టుకోకు. బీసీలకు పల్లెల్లో లక్షా 50 వేల ఆదాయం దాటితే రాదు, మన పెన్షనే దాన్ని దాటేస్తుంది.

చదువుతూ పెన్షన్ తీసుకోవచ్చా అని అడిగావు. నిక్షేపంగా. చదువుకు, పెన్షన్‌కు సంబంధం లేదు. పెన్షన్ వెబ్‌సైటు స్పర్శ్‌లో ఏటా లైఫ్ సర్టిఫికెట్ మర్చిపోకుండా పెట్టు, చాలు. పెన్షన్‌లో కొంత ముందే తీసుకునే కమ్యుటేషన్ డబ్బు, గ్రాట్యుటీ ఒకేసారి చేతికి వస్తాయి కదా, అవి వచ్చిన నెల జాగ్రత్త. మా ఇంటికి మొదటి నెలలో ముగ్గురు ప్లాట్ల ఏజెంట్లు వచ్చారు, అందులో ఇద్దరు చుట్టాలే. హైవే పక్కన, ఫార్మా కంపెనీ వస్తుంది, రింగురోడ్డు వస్తుంది అని చెబుతారు. ఒక ఏడాదిపాటు ఆ డబ్బు ఫిక్స్‌డ్‌లో వేసి, ఎవరడిగినా 'మా ఆవిడను అడగండి' అను. పనిచేస్తుంది. చుట్టాలు అడిగే రెండోది మిలిటరీ క్యాంటీన్ మందు సీసా. అది ఇవ్వడం మొదలుపెడితే సాయంత్రాలు వాళ్లతోనే గడుస్తాయి. మా బ్యాచ్‌లో ఒక మంచి గన్నర్ అలాగే పాడైపోయాడు. నిద్ర పట్టక తాగుడు మొదలైందని తనే చెప్పాడు, అదీ చాలా ఆలస్యంగా. నీకు అలాంటిది ఏమైనా ఉంటే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు.

ఇప్పుడు గార్డు ఉద్యోగం. దాన్ని నేను తక్కువ చేయను, నా సోపతిగాళ్లు నలుగురు చేస్తున్నారు, ఇల్లు నడుస్తోంది. కానీ అదొక్కటే దారి అని మీ ఇంట్లో అనుకుంటున్నట్టున్నారు. మాజీ సైనికులకు బ్యాంకు క్లర్కు పోస్టుల్లో 14.5 శాతం, కేంద్రం గ్రూప్-సిలో 10 శాతం, మన రాష్ట్రంలో 2 శాతం ఉంది. వయసులో సర్వీసు కాలం తీసేసి మరో మూడేళ్లు సడలింపు ఇస్తారు, అంటే ఇప్పట్లో నీకు వయసు తలుపు మూసుకుపోదు. ఎవరూ చెప్పని ఒక మెలిక ఉంది: కోటాలో ఒక సర్కారు కొలువులో చేరితే కేంద్రం ఉద్యోగాలకు ఆ కోటా అక్కడితో అయిపోతుంది. అయితే 2014 నుంచి ఒక వెసులుబాటు ఇచ్చారు. చేరకముందే వేరే ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టి ఉంటే, చేరిన వెంటనే ఆ జాబితా రాసి ఇస్తే, వాటికి కోటా నిలుస్తుంది. ప్రైవేటు సెక్యూరిటీ, కాంట్రాక్టు కొలువులు దీని లెక్కలోకి రావు. కాబట్టి డిస్చార్జ్ అయిన వారంలోనే జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసులో పేరు రాయించుకో, దరఖాస్తులు పెడుతూ ఉండు, ప్రతిదానికీ ఒక కాపీ దాచుకో. పీజీ చేస్తూ దరఖాస్తు పెట్టొద్దని ఎవరూ అనలేదు.

పీజీ తర్వాత ఏంటి అంటే, నిజం చెబుతా, కలలు అమ్మను. రీసెర్చికి ఇచ్చే ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ నీకు లేదు, 30 ఏళ్ల పరిమితి, మనకు మహా అయితే ఐదేళ్లు కలుపుతారు. లెక్చరర్ల అర్హత పరీక్ష నెట్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు మాత్రం వయసు పరిమితి లేదు, పీజీలో 55 శాతం ఉండాలి, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు 50. మన రాష్ట్రం సెట్ కూడా ఉంది. నేను సెట్ రెండోసారికి కొట్టాను, ఇప్పుడు డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్. గంటల లెక్కన ఇస్తారు, కొన్ని నెలలు ఇవ్వరు. పెన్షన్ లేకపోతే ఈ పని నేను చేయలేకపోయేవాణ్ని. నీ పెన్షన్‌తో ఇల్లు గడుస్తుందంటే రెగ్యులర్‌గా చేరు. అప్పులుంటే, పాప చదువు ఖర్చు మీద పడుతుంటే, గార్డు ఉద్యోగం పట్టుకుని అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలోనో ఇగ్నోలోనో ఎం.ఏ. చెయ్యి, నెట్‌కు రెండూ ఒకటే. కానీ ఇంట్లో ఏం చేయాలో తోచక కాలేజీకి పోతానంటే మాత్రం వద్దు. నేను సగం అందుకే పోయాను, అందుకే చెబుతున్నా.

సర్వీసులో ఉండగా ఏడాదికి 60 రోజుల సెలవు, 30 రోజుల క్యాజువల్. 17 ఏళ్లు మన ఇంట్లో మనం చుట్టాలం. నేను వచ్చిన రెండో వారం మా ఆవిడ పుట్టింటికి పోతే వంటింట్లో డబ్బాలన్నీ సైజు ప్రకారం వరసగా పెట్టి, పేర్లు రాసి అతికించాను. స్టోరు లెక్క. తను వచ్చి చూసింది, ఒక్క మాట అనలేదు. మూడు రోజుల్లో డబ్బాలన్నీ పాత చోట్లకు పోయాయి, 'కందిపప్పు' అని రాసిన దాంట్లో చక్కెర ఉంది. గ్యాసు నంబరు, మోటారు స్టార్టర్ ఎక్కడ తట్టాలి, ఐకేపీ సెంటర్‌లో వడ్లు ఎవరి వరసలో పెట్టాలి, అన్నీ తనకే తెలుసు. ఇదంతా అడిగి నేర్చుకోవాలి. భార్యను అడగడం సారును అడగడం కంటే కష్టం, నాకైతే.

ఇంకొకటి చెప్పాలని ఉంది. ఇది నీ ప్రశ్నలో లేదు.

ఆఖరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు ఉంటుంది. 1948 నుంచి 1951 దాకా మా దిక్కు పల్లెల్లో ఏం జరిగిందో ముసలివాళ్లను అడిగి రాస్తానన్నాను. నిజాం రాజ్యం పోయాక యూనియన్ సైన్యం వెంటనే వెళ్లిపోలేదు కదా, సాయుధ పోరాటం విరమించేదాకా కమ్యూనిస్టుల కోసం ఊళ్లు గాలించింది. ఒక ఊళ్లో 90 ఏళ్ల అవ్వ దొరికింది. చింతపండు గింజలు తీస్తూ చెప్పింది. "మిలిటరోళ్లు వచ్చిండ్రు బిడ్డా. మగోళ్లంత చెలకలల్లకు ఉరికిండ్రు. నేను గుమ్మిల దాసుకున్న. బూట్ల సప్పుడు ఇనవడ్తనే ఉంది." కుడి చెవి ఆమె వైపు పెట్టి వింటున్నాను. నన్ను ఆమెకు పరిచయం చేసినవాళ్లు 'కాలేజీ పిల్లగాడు' అన్నారు. నేను దిద్దలేదు. ఫోన్లో రికార్డు చేసుకుని వచ్చేశాను, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మళ్లీ ఒకరోజు పోయి చెప్పాను, అవ్వా, నేనూ మిలిటరీలోనే చేసొచ్చిన అని. కాసేపు నా మొఖం చూసింది. "నువ్వు గూడ గుమ్మిలల్ల ఎతికినవా బిడ్డా?" అంది. కశ్మీర్‌లో వడ్లు పోసే గుమ్ములుండవు, బియ్యం పెట్టెలుంటాయి, అటకలుంటాయి. "ఎతికిన" అన్నాను. ఆమె గింజ తీసి పక్కన పెట్టి, "ఎవరన్న దొరికిండ్రా?" అంది. "ఒకసారి ఒక ఆడపిల్ల" అన్నాను. ఇంకేం అడగలేదు. కోడలిని పిలిచి ఛాయ్ పెట్టమంది. ప్రాజెక్టులో ఇది రాయాలా వద్దా అని మేడమ్‌ను అడిగితే, "ఇదే రాయి, మిగతాది తర్వాత" అన్నారు. 20కి 6 వేసిన మేడమే. ఈ రెండేళ్ల చదువు నాకు ఏం పెట్టిందని మా బావమరిది ఇప్పటికీ అడుగుతుంటాడు, ఈ సంగతి వాడికి ఎలా చెప్పాలో తెలియక గెస్ట్ లెక్చరర్ ఉద్యోగం అని చెబుతుంటా.

ఇక పిల్లలు ఏమని పిలుస్తారో. మొదటి వారం నేను లోపలికి రాగానే లేచి నిలబడ్డారు, కొత్త సారు అనుకుని. నేను పోయి ఆఖరు బెంచీలో కూర్చుంటే క్లాసంతా నవ్వు. తర్వాత 'అంకుల్', ఆ తర్వాత 'ఆర్మీ అంకుల్', వాట్సాప్ గ్రూపులో కూడా అదే పేరు. పేపరు పోయాక సప్లిమెంటరీకి నాతోపాటు ఇద్దరు పిల్లగాళ్లు ఉన్నారు, ముగ్గురం క్లాక్ టవర్ దగ్గర ఛాయ్ తాగుతూ ఒకే నోట్సు చదివాం. అక్కడ 'అన్నా' అయింది, ఇక మారలేదు. మొన్న అందులో ఒకడు ఫోన్ చేశాడు. వాళ్ల తమ్ముడు అగ్నివీర్, నాలుగేళ్లు అయిపోవస్తున్నాయట, పెన్షన్ ఉండదు, సేవా నిధి 11 లక్షల చిల్లర చేతికొస్తుంది, డిగ్రీలో చేర్పించాలంటే ఏ కాగితాలు తెచ్చుకోవాలి అన్నా అని. ఫోను కుడి చెవికి మార్చుకుని, ముందు మెడికల్ బోర్డు దగ్గర నుంచి మొదలుపెట్టాను.